ఏటీవీ మీద తుపాకీ: అమెరికాలో ఎవరికి, ఎక్కడ, ఏ చట్టం?

"టెక్సస్‌లో లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చు కదా, మరి ఏటీవీ వేసుకుని అడవిలోకి వెళ్లేటప్పుడు వెంట ఉంటే తప్పేంటి?" అమెరికాలో ఉంటున్న మనవాళ్లు లాంగ్ వీకెండ్ ప్లాన్ చేసుకునేటప్పుడు ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. ఏటీవీ అంటే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి. పక్కపక్క సీట్లు, స్టీరింగ్ ఉన్న రకాన్ని యూటీవీ లేదా సైడ్ బై సైడ్ అంటారు. ఎలుగుబంట్లు, అడవి పందులు, సెల్ సిగ్నల్ అందని మట్టిదారులు. తుపాకీ తోడుంటే ధైర్యం అనిపించడం సహజమే. కానీ దీనికి ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్పేవాళ్లను నమ్మకండి. అదే పిస్టల్, అదే బండి, అదే దారి. డ్రైవింగ్ సీట్లో ఉన్న అమెరికా పౌరుడి నడుముకు ఆ పిస్టల్ ఉండటం మామూలు విషయం కావచ్చు. పక్క సీట్లో ఉన్న హెచ్1బీ ఉద్యోగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడంటే అది జైలు శిక్ష పడగల ఫెడరల్ నేరం కావచ్చు.

మన దేశంలో పెరిగినవాళ్లకు తుపాకీ అంటే ముందు గుర్తొచ్చేది లైసెన్స్. 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చిన కాగితం చేతిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అడవి సంగతీ అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టకూడదు. ఈ అలవాటుతో అక్కడికి వెళ్లినవాళ్లు "ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట వినగానే ఇక అడ్డే లేదనుకుంటారు. ఆ మాట అబద్ధమేం కాదు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పిస్టల్ వెంట ఉంచుకోవడానికి పర్మిట్ అవసరం లేదు. టెక్సస్ 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆ జాబితాలో ఉంది. అయితే ఆ చట్టాలు చెప్పేది ఒక్కటే: తుపాకీ ఉంచుకోవడానికి ఇప్పటికే అర్హత ఉన్న మనిషిని రాష్ట్రం విడిగా పర్మిట్ అడగదు. ఆ అర్హత అసలు ఉందా లేదా అన్నది ముందుగా ఫెడరల్ చట్టంలో చూసుకోవాలి. మనవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునే ప్రమాదం ఉన్నది అక్కడే.

ముందు మీ వీసా చూసుకోండి

ఫెడరల్ చట్టాల సంపుటి 18వ టైటిల్‌లోని 922వ సెక్షన్‌కు 1998లో కాంగ్రెస్ ఒక నిషేధం చేర్చింది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1, పిల్లల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నల బీ2, అన్నీ ఇందులోకే వస్తాయి. 2022లో తెచ్చిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెరిగింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. కానీ "గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది" అన్నది గ్రీన్ కార్డు కాదు. దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా ఈ నిషేధం తొలగిపోయిందని అనుకోవద్దు.

దీనికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది వేట లైసెన్స్. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉంటే ఫెడరల్ నిషేధం మీకు వర్తించదు. గడువు తీరిన రోజున నిషేధం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పైగా అది తీసేది ఫెడరల్ అడ్డునే. మీరున్న రాష్ట్రంలో విదేశీయుల విషయంలో వేరే షరతులుంటే అవి అలాగే ఉంటాయి.

ఈ మినహాయింపులో ఒక లోతైన గుంట ఉంది. టెక్సస్‌లో అడవి పందుల బెడద ఎక్కువ. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందుల్ని వేటాడటానికి హంటింగ్ లైసెన్సే అక్కర్లేదని ఆ రాష్ట్రం చట్టం మార్చింది. సైడ్ బై సైడ్ బండ్లలో రాంచ్ అంతా తిరుగుతూ పందుల వేట సాగించడం అక్కడ మామూలే. ఫ్రిస్కో నుంచో ఇర్వింగ్ నుంచో ఒక హెచ్1బీ ఉద్యోగి స్నేహితుల రాంచ్‌కు వెళ్లాడనుకుందాం. "లైసెన్స్ అవసరం లేదు" అని స్నేహితులు చెప్పింది రాష్ట్ర చట్టం ప్రకారం నూటికి నూరు పాళ్లు నిజం. ఆ నిజాన్ని నమ్మి లైసెన్స్ తీసుకోకుండా రైఫిల్ పట్టుకున్నాడంటే, తనను కాపాడే ఒకే ఒక్క మినహాయింపును తానే వదులుకున్నట్టు. రాష్ట్రం అడగకపోయినా అతనికి ఆ లైసెన్స్ జేబులో ఉండి తీరాలి.

"నాది కాదు, ఫ్రెండ్‌ది" అన్న మాట ఇక్కడ పనిచేయదు. చట్టం అడిగేది ఎవరు కొన్నారని కాదు, ఎవరి దగ్గర ఉందని. ఎగుడుదిగుడు దారిలో "కాస్త పట్టుకో" అని స్నేహితుడు ఇస్తే పట్టుకున్న ఆ నిమిషం కూడా కలిగి ఉండటమే. చేత్తో తాకకపోయినా, అది అక్కడ ఉందని తెలిసి, దాని మీద మీకు అదుపు ఉంటే కలిగి ఉన్నట్టే లెక్కించవచ్చు. పక్కన కూర్చున్నంత మాత్రాన నేరం అయిపోదు గానీ, బండి మీ పేరు మీద అద్దెకు తీసుకుని, దాని గ్లోవ్ బాక్సులో ఫ్రెండ్ పిస్టల్ పెట్టించుకుంటే మీరు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రహీఫ్ కేసు ఇలాంటిదే. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన ఆయన చదువులో వెనకబడి యూనివర్సిటీ నుంచి తొలగింపునకు గురయ్యాడు. ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. కేసు అయింది. తుపాకీ తన దగ్గర ఉందని తెలియడం ఒక్కటే చాలదు, నిషేధం ఉన్న హోదాలో తాను ఉన్నానని కూడా అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని సుప్రీంకోర్టు తేల్చింది. కొందరు దీన్ని "చట్టం తెలియదంటే వదిలేస్తారు" అని చదువుకుంటారు. అది పొరపాటు. తెలియాల్సింది చట్టం కాదు, మీ హోదా. పాస్‌పోర్టులో హెచ్1బీ స్టాంపు ఉన్న మనిషి తాను వీసా మీద ఉన్నానని తెలియదని ఏ కోర్టులో చెప్పగలడు?

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు ఒక ప్రత్యేక నిబంధన ఉంది. ఏ చట్టాన్నయినా ఉల్లంఘించి తుపాకీ కొన్నందుకో, కలిగి ఉన్నందుకో, వెంట తీసుకెళ్లినందుకో శిక్ష పడితే అది దేశం నుంచి పంపేయడానికి కారణం కాగలదు. పౌరుడికి జరిమానాతో పోయే చిన్న కేసు మనకు ఇమిగ్రేషన్ కేసుగా మారవచ్చు. అందుకే ఈ విషయంలో జరిమానా ఎంత అని లెక్కలు వేసుకోవడం మనవాళ్లకు సరిపడే పద్ధతి కాదు. ఏ టికెట్ వచ్చినా, జరిమానా కట్టేసే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించాలి.

భూమి ఎవరిది?

పడమటి రాష్ట్రాల్లో ఆఫ్ రోడ్ దారులు చాలావరకు ఫెడరల్ భూముల్లోనే ఉంటాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ చేతిలో దాదాపు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఫెడరల్ భూమి కాబట్టి ఫెడరల్ తుపాకీ నియమం ఉంటుందనుకోవడం సహజం. అలా కాదు. ఈ రెండు చోట్లా తుపాకీ వెంట ఉంచుకునే విషయంలో సాధారణంగా ఆ రాష్ట్ర చట్టమే నడుస్తుంది. బండి ఏ దారిలో వెళ్లాలి, తుపాకీ ఎక్కడ పేల్చకూడదు అన్నవి ఆ సంస్థ నియమాలు. హ్యూస్టన్, కేటీ ప్రాంతాల మనవాళ్లకు దగ్గర్లో ఉన్న శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఏటీవీ దారులున్నాయి. అక్కడ పిస్టల్ నడుముకు ఉండొచ్చా అన్నది టెక్సస్ చట్టం చెబుతుంది, ఆ పిస్టల్ పేల్చొచ్చా అన్నది ఫారెస్ట్ సర్వీస్ చెబుతుంది.

నేషనల్ పార్కుల కథ ఇంకా చిత్రమైనది. ఒకప్పుడు అక్కడ మామూలు సందర్శకుడి తుపాకీ తూటాలు తీసేసి, చేతికి అందకుండా ఉండాలి. 2009లో క్రెడిట్ కార్డు కంపెనీలను అదుపు చేయడానికి తెచ్చిన చట్టంలో, ఏ సంబంధమూ లేకుండా, పార్కుల్లోనూ రెఫ్యూజీలనే వన్యప్రాణి సంరక్షణ ప్రాంతాల్లోనూ తుపాకీకి రాష్ట్ర చట్టమే వర్తిస్తుందన్న సెక్షన్ చేర్చారు. అది 2010 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. అయితే పార్కులోని విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనంలోకి తుపాకీతో వెళ్లడం ఇప్పటికీ నిషేధమే. ఇక ఏటీవీల సంగతంటారా, చాలా పార్కుల్లో వాటికి అసలు ప్రవేశమే లేదు. యూటాలో మోయాబ్ పక్కనే ఉన్న ఆర్చెస్ పార్కులోకి యూటీవీలను రానివ్వరు. దగ్గర్లోనే హెల్స్ రివెంజ్ లాంటి దారుల్లో మాత్రం అవే బండ్లు బారులు తీరి ఉంటాయి.

2009 చట్టం పేరు పెట్టి చెప్పింది పార్కులు, రెఫ్యూజీల గురించే. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నిర్వహించే సరస్సుల గట్లు అందులో లేవు, వాటి నిబంధనలు వేరు. డల్లాస్ చుట్టూ మనవాళ్లు వారాంతాల్లో వెళ్లే లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ సరస్సులు ఈ కోర్ చేతిలోవే. టెక్సస్ చట్టం తెలుసు కదా అని అక్కడికి పిస్టల్‌తో వెళ్లకండి. నావహో నేషన్ లాంటి గిరిజన భూములకు సొంత ప్రభుత్వం, సొంత చట్టం, సొంత పోలీసులు ఉంటారు. రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ అక్కడ చెల్లుతుందని అనుకోవద్దు.

టెక్సస్‌లో భూమిలో అత్యధిక భాగం ప్రైవేటుదే. అందుకని ఆఫ్ రోడ్ పార్కులూ చాలావరకు ప్రైవేటువే. అక్కడ యజమాని మాటే మొదటి మాట. గేటు దగ్గర 30.05, 30.06, 30.07 అన్న అంకెలతో బోర్డులు కనిపిస్తే ఆగి చదవండి. లైసెన్స్ లేకుండా తెచ్చేవారికి, లైసెన్స్ ఉండి కనబడకుండా తెచ్చేవారికి, లైసెన్స్ ఉండి కనబడేలా తెచ్చేవారికి వరసగా ఒక్కో బోర్డు. పైకప్పు, తలుపులు లేని యూటీవీలో సీటు పక్కన పెట్టిన పిస్టల్ అందరికీ కనిపిస్తుంది. అలా కనబడే పిస్టల్ హోల్‌స్టర్‌లో, అంటే పిస్టల్ తొడుగులో, ఉండాలన్నది టెక్సస్ నియమం.

బండి మారితే నియమం మారుతుంది

తుపాకీ పర్మిట్ల గురించి చెప్పే యాప్‌లు, చార్టులు చాలావాటిలో లేని సంగతి ఇది. ఏటీవీ మీద తుపాకీ ఎలా ఉండాలన్నది చాలా రాష్ట్రాలు తుపాకుల చట్టంలో రాయలేదు. వేట చట్టాల్లోనో, ఆఫ్ రోడ్ బండ్ల చట్టాల్లోనో రాశాయి. కారులో పెట్టుకోవచ్చని తెలుసుకున్న మనిషి అంతటితో ఆగిపోతాడు.

కొలరాడో దీనికి మంచి ఉదాహరణ. అక్కడ జీపులోనో ట్రక్కులోనో రైఫిల్ తీసుకెళ్తే చాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో, తూటా లేకపోతే చాలు. అదే రైఫిల్ ఏటీవీ మీద ఉంటే చాంబర్ ఖాళీగా ఉండాలి, తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్ ఖాళీగా ఉండాలి, తుపాకీ అన్ని వైపులా మూసుకునే కేసులో ఉండాలి. ఒక చివర తెరిచి ఉండే తోలు తొడుగు చెల్లదు. తమ సొంత భూమిలో పశువుల్ని మాంసాహార జంతువుల నుంచి కాపాడుకునే రైతులకు మాత్రం మినహాయింపు ఉంది. మిషిగన్‌లో ఆఫ్ రోడ్ బండి మీద తుపాకీ తూటాలు తీసి కేసులో భద్రంగా ఉండాలి, లేదా తాళంతో ట్రిగ్గర్ పనిచేయకుండా చేసి ఉండాలి. విల్లుకు కూడా అక్కడ ఇలాంటి షరతే ఉంది. కన్సీల్డ్ పిస్టల్ లైసెన్స్ (పిస్టల్ కనబడకుండా వెంట ఉంచుకునే లైసెన్స్) ఉన్నవారి పిస్టల్‌కు మినహాయింపు. విస్కాన్సిన్ దారి వేరు: వాహనం అన్న నిర్వచనంలోనే ఏటీవీలను, యూటీవీలను, స్నోమొబైల్స్‌ను కలిపేసి, రైఫిల్, షాట్‌గన్ లాంటివి లోడ్ చేసి ఉంచకూడదంది. చేతి తుపాకులను 2011లో ఆ నిషేధం నుంచి తప్పించింది.

ఈ కఠినత్వం నాకు సబబుగానే తోస్తుంది. ఏటీవీ మీద రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి. ఒళ్లంతా అటూ ఇటూ ఊగుతుంటుంది. బండి తిరగబడితే తుపాకీ గొట్టం ఎటు చూస్తుందో ఎవరి అదుపులోనూ ఉండదు. రెండో కారణం జంతువులు. కాలినడకన చేరలేని చోటికి బండి మీద తరుముకుంటూ వెళ్లి కాల్చడాన్ని వేటగాళ్లే తప్పుగా చూస్తారు.

ఇక లోడ్ అయి ఉండటం అంటే ఏమిటన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. యూటాలో చాంబర్‌లో తూటా లేని రైఫిల్, మ్యాగజైన్ నిండా తూటాలున్నా, లోడ్ కానట్టే. లోడ్ చేసిన రైఫిల్ మాత్రం బండిలో ఉండకూడదు. మోయాబ్ నుంచి కొలరాడో సరిహద్దు పెద్ద దూరమేం కాదు, అటూ ఇటూ సాగే మట్టిదారులూ ఉన్నాయి. మ్యాగజైన్ నింపి, చాంబర్ ఖాళీగా ఉంచిన రైఫిల్‌ను యూటీవీ రాక్‌లో పెట్టుకుని యూటాలో బయల్దేరినవాడు అక్కడి నిర్వచనానికి లోబడే ఉన్నాడు. సరిహద్దు దాటిన క్షణంలో కొలరాడో నియమం రెండు విధాలుగా తప్పాడు: మ్యాగజైన్‌లో తూటాలున్నాయి, తుపాకీ కేసులో లేదు. ఆ మ్యాగజైన్‌లో 15 కంటే ఎక్కువ తూటాలు పడితే 2013 నుంచి అమల్లో ఉన్న ఇంకో కొలరాడో చట్టం కూడా ముందుకు వస్తుంది.

ఇంటి నుంచి ట్రెయిల్ దాకా

బండిని ట్రైలర్ మీద ఎక్కించుకుని రెండు మూడు రాష్ట్రాలు దాటి వెళ్లేవాళ్లకు 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా, చేరే చోటా మీకు ఆ తుపాకీ చట్టబద్ధమైతే, మధ్య రాష్ట్రాల గుండా తూటాలు తీసేసి, చేతికి అందకుండా తీసుకెళ్లవచ్చు. డిక్కీ లేని బండిలో అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లోవ్ బాక్స్ కుదరదు. ఈ రక్షణ దారిన పోయేవారికే. మధ్యలో ఆగి ఒకరోజు ట్రెయిల్స్ మీద తిరిగితే ఆ రాష్ట్ర చట్టమే మీకు చట్టం.

అందరూ మరిచిపోయేది స్కూళ్ల సంగతి. స్కూలు ఆవరణకు 1000 అడుగుల లోపల తుపాకీని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. 1990లో వచ్చిన ఆ చట్టాన్ని 1995లో లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, 1996లో కాంగ్రెస్ దాన్ని సవరించి మళ్లీ తెచ్చింది. ఆ రాష్ట్రం పరిశీలించి ఇచ్చిన పర్మిట్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలోనో, బండి మీద తాళం వేసిన రాక్‌లోనో ఉంచినా ఫర్వాలేదు. పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో పర్మిట్ తీసుకోని మనిషికి మొదటి మినహాయింపు అందదు. యూటీవీలను ఊరి వీధుల్లో తిరగనిచ్చే చిన్న ట్రెయిల్ పట్టణాల్లో మోటెల్ నుంచి ట్రెయిల్ దాకా వెళ్లే దారిలో స్కూలు తగలడం పెద్ద వింతేం కాదు. నాకు తెలిసి ఆ పర్మిట్ ఇప్పటికీ తీసుకోవడం మంచిదనడానికి ఇదే గట్టి కారణం.

వెంట ఉంచుకోవడం వేరు, పేల్చడం వేరు. నేషనల్ ఫారెస్టుల్లో ఇల్లు, భవనం, క్యాంప్‌సైట్, జనం ఉన్న చోటుకు 150 గజాల లోపల పేల్చకూడదు. ఫారెస్ట్ రోడ్డు మీద నుంచి గానీ, దానికి అడ్డంగా గానీ పేల్చకూడదు. ఎండలు ముదిరి మంటల భయం ఉన్నప్పుడు ఇంకా ఆంక్షలు పెడతారు. బాతులు, పావురాల్లాంటి వలస పక్షుల్ని మోటారు బండి మీద నుంచి వేటాడటం ఫెడరల్ నియమాల ప్రకారం దేశమంతటా నిషేధం. ఆగి ఉన్న బండి నుంచి కాల్చడానికి కాళ్లు చచ్చుబడినవారికి, ఒక కాలో రెండు కాళ్లో కోల్పోయినవారికి మాత్రం అనుమతి ఉంది. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో బండి మీద నుంచి పందిని కాల్చనిచ్చిన చోటే, అదే బండి మీద నుంచి పావురాన్ని కాల్చకూడదు.

అద్దె బండి అయితే ఒప్పందం పూర్తిగా చదవండి. తుపాకీ వద్దని అందులో రాసి ఉంటే చట్టం ఒప్పుకున్నా ఒప్పందం ఒప్పుకోదు. ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చే మోటారు దారుల మ్యాపులో తుపాకీ నియమాలు ఉండవు. వాటి కోసం ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా వేసే వేట నియమాల పుస్తకంలో ఆఫ్ రోడ్ బండ్ల భాగం చూడాలి, లేదా స్థానిక రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. అడిగేటప్పుడు "తుపాకీ తెచ్చుకోవచ్చా" అని అడగకండి. ఏటీవీయా, యూటీవీయా, ట్రక్కా చెప్పండి. పిస్టలా, రైఫిలా చెప్పండి. వేటకా, ఊరికే తిరగడానికా చెప్పండి. మీ వీసా సంగతి మాత్రం రేంజర్ చెప్పలేడు. దానికి ప్రయాణానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. ఆ జవాబు వచ్చేదాకా, స్నేహితుడి తుపాకీని ఆయన ట్రక్కులోనే తాళం వేసి ఉంచమని మొహమాటం లేకుండా చెప్పండి.